జాకెట్టుకు హుక్కులు, కాజాలు కుట్టే పద్ధతి: కొలత నుంచి చివరి ముడి వరకు

కొలతలు సరిగ్గా ఉన్నా ఛాతీ దగ్గర హుక్కుల మధ్య జాకెట్టు ఎందుకు విచ్చుకుంటుందని, హుక్కులు పెట్టుకున్నాక మెడ దగ్గర రెండు అంచులు ఒకటి పైకీ ఒకటి కిందకీ ఎందుకు వస్తాయని, నాలుగైదు ఉతుకులకే కాజాలు (హుక్కు తగులుకునే దారపు ఉచ్చులు) ఎందుకు తెగిపోతాయని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ఈ మూడింటికీ మూలం ఒక్కటే. జాకెట్టు మొత్తం పూర్తయ్యాక, చివర్లో, కంటి అంచనాతో హుక్కులు కుట్టేయడం మనకు అలవాటైపోయింది. హెమ్మింగు, హుక్కుల పని చాలా దుకాణాల్లో జాకెట్టుకు ఇంత అని లెక్కగట్టి బయటికి ఇచ్చే పని కాబట్టి, దానికి దక్కవలసిన సమయం దక్కడం లేదు.

నిజానికి హుక్కు ఎక్కడ పడాలో గుడ్డ కత్తిరించే నాటికే నిర్ణయం కావాలి. ముందు అంచుకు వేసే పట్టీ ఎంత వెడల్పు ఉండాలి, హుక్కు అంచుకు ఎంత లోపల ఉండాలి, కాజా ఏ గీత మీద నిలవాలి అన్నవి ఒకదానిపై ఒకటి ఆధారపడిన కొలతలు. ముందు వైపు తెరుచుకునే మామూలు లైనింగు జాకెట్టును ఉదాహరణగా తీసుకుని ఆ కొలతలన్నీ వరుసగా చూద్దాం.

1. హుక్కు ఎలా పట్టుకుంటుందో ముందు గమనించండి

ఒక హుక్కును అరచేతిలో పెట్టుకుని దగ్గరగా చూడండి. ఒక చివర గుడ్డకు కుట్టడానికి రెండు చిన్న రింగులు ఉంటాయి. అక్కడి నుంచి తీగ ముందుకు సాగి, వంపు తిరిగి, మళ్లీ రింగుల వైపే వెనక్కి వస్తుంది. అలా వెనక్కి వచ్చిన భాగాన్ని ఇక్కడ ముక్కు అందాం. మంచి హుక్కులో ముక్కు మధ్యలో చిన్న ఉబ్బు ఉండి, లోపలికి వెళ్లిన కాజా సులభంగా వెనక్కి జారకుండా ఆపుతుంది.

బావిలో పడిన బిందెను గాలంతో తీసేటప్పుడు తాడు బిగువుగా ఉన్నంతసేపు బిందె గాలం వంపులో నిలుస్తుంది, తాడు వదులైతే జారిపోతుంది. హుక్కు పనిచేసే తీరూ ఇదే. రెండు వైపుల నుంచి కొద్దిపాటి లాగుడు ఉన్నంతవరకు కాజా దారం హుక్కు వంపులో కూర్చుంటుంది, ఆ లాగుడు లేకపోతే ఊడుతుంది. అందుకే ఒంటికి అమిరే జాకెట్టుకు హుక్కు సరిపోయినంతగా వదులుగా ఉండే నైటీ మెడకు సరిపోదు. అటువంటి చోట టిచ్ బటన్ మేలు.

దీని నుంచి రెండు నియమాలు వస్తాయి. మొదటిది, బరువు పడేది వంపు దగ్గర కాబట్టి కొలతలన్నీ రింగుల నుంచి కాక వంపు నుంచే తీసుకోవాలి. రెండవది, హుక్కులు బిగుతైన జాకెట్టును బలవంతంగా మూసి ఉంచే సాధనం కావు. జాకెట్టు ఇరుకుగా ఉంటే ఎన్ని హుక్కులు పెంచినా లాభం లేదు, ముందు పక్క కుట్లు విప్పి వదులు చేయాలి.

2. సామాను సిద్ధం చేసుకోవడం

హుక్కుల్లో ప్రధానంగా ఇత్తడివి, ఇనుము లేదా ఉక్కు తీగవి ఉంటాయి. రెండింటికీ పైన తెల్లని పూత లేదా నల్లరంగు ఉండవచ్చు కాబట్టి చూపుతో తేడా తెలియదు. చిన్న అయస్కాంతం దగ్గర పెట్టి చూస్తే ఇనుప హుక్కు గట్టిగా అతుక్కుంటుంది, ఇత్తడిది అలా అతుక్కోదు. పట్టు జాకెట్టుకు ఇత్తడి హుక్కులే వాడాలన్నది నా గట్టి అభిప్రాయం. చెమట తగిలి ఇనుముకు తుప్పు పడితే ఆ మరక పట్టు మీద నుంచి అంత సులభంగా పోదు, విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్ర తీరపు ఊళ్లలో ఆ తుప్పు మరింత త్వరగా పడుతుంది. సికింద్రాబాద్ జనరల్ బజారు వంటి చోట్ల కుట్టుపని సామాను అమ్మే దుకాణాల్లో రెండు రకాలూ దొరుకుతాయి కాబట్టి, అడిగి, పరీక్షించి తీసుకోండి.

పరిమాణం విషయంలో పెద్దగా ఆలోచించనక్కరలేదు. పలుచని నూలుకు, పట్టుకు చిన్న హుక్కు, మందమైన బ్రోకేడుకు, మగ్గం వర్కు జాకెట్టుకు దానికంటే ఒక సైజు పెద్దది. హుక్కుతో పాటు వచ్చే లోహపు కన్నులు కూడా వాడవచ్చు కానీ, జాకెట్టు ముందు భాగానికి దారంతో అల్లిన కాజానే మేలు, ఎందుకంటే అది చర్మానికి గుచ్చుకోదు, పైకి ఉబ్బెత్తుగా కనిపించదు, తెగితే మళ్లీ అల్లుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉండవలసినవి:

- ఒకే పెట్టె నుంచి తీసుకున్న 7 హుక్కులు, విడిగా మరో 2
- గుడ్డ రంగుకు సరిపోయే పాలియెస్టరు దారం
- సన్నని చేతి సూది ఒకటి, లావు సూది ఒకటి
- దారానికి రాయడానికి తేనెమైనం లేదా కొవ్వొత్తి ముక్క
- పట్టీల లోపల గట్టిదనం కోసం వేయడానికి పలుచని కాన్వాసు గుడ్డ
- టేపు, చిన్న స్కేలు, మైనం లేని పొడి సుద్ద (దర్జీలు గీతలు గీసే చాక్)
- గుండు సూదులు
- ఒంటికి సరిగ్గా అమిరే ఆది జాకెట్టు (కొలతకు నమూనాగా వాడే పాత జాకెట్టు)

లైనింగు గుడ్డను కత్తిరించే ముందే నీళ్లలో బాగా తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. చాలామంది లైనింగు తడుపుతారు కానీ పట్టీల కోసం వాడే ముక్కను మరిచిపోతారు. తడపని నూలు పట్టీ మొదటి ఉతుకుకే కుదించుకుపోయి, ముందు అంచు పొడవునా ముడతలు పడతాయి. హుక్కులు ఎంత జాగ్రత్తగా కుట్టినా ఆ ముడతలు పోవు.

3. ఆది జాకెట్టు నుంచి కొలత తీసుకునే పద్ధతి

ఆది జాకెట్టును హుక్కులన్నీ పెట్టి, బల్ల మీద పరిచి కొలవాలి. హుక్కులు విప్పి రెండు ముందు భాగాలను విడివిడిగా కొలిస్తే కాజా పట్టీ వెడల్పు కూడా లెక్కలో కలిసి, కొత్త జాకెట్టు ఒక అంగుళం వదులవుతుంది. హుక్కు ఉన్నా దానికి తగ్గ లాగుడు లేక, పదే పదే ఊడిపోతోందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇదే.

అలాగే పాత జాకెట్టు కాజాలు వాడుకలో సాగి ఉంటాయి. కాజా ఎంత సాగిందో చూసి, ఆ మేరకు కొలతను సరిచేసుకోవాలి.

4. ఏ వైపు హుక్కులు, ఏ వైపు కాజాలు

స్త్రీల జాకెట్టులో తొడుక్కునేవారి కుడి భాగం పైకి, ఎడమ భాగం కిందకి వస్తుంది. కాబట్టి హుక్కులు కుడి ముందు భాగం లోపలి వైపున, కాజాలు ఎడమ భాగం పట్టీ మీద పైవైపున ఉంటాయి. ఎడమచేతి వాటం ఉన్నవారు దీన్ని తారుమారు చేయించుకున్నా తప్పేమీ లేదు, అయితే ఆ సంగతి పట్టీలు వేయకముందే తేల్చుకోవాలి.

గుడ్డ ముక్కలను తిరగేసి పెట్టి కుట్టేటప్పుడు కుడి ఎడమలు తారుమారు కావడం చాలా సులభం. రెండు ముందు భాగాలనూ బొమ్మ (గుడ్డకు బయటికి కనిపించే వైపు) పైకి ఉండేలా బల్ల మీద పరిచి, కుడి భాగం లోపలి వైపున సుద్దతో ‘హు’ అనీ, ఎడమ భాగం మీద ‘కా’ అనీ రాసుకుంటే ఈ పొరపాటు జరగదు.

5. పట్టీలు వేయడం

ముందు భాగాలు రెండింటినీ సరిగ్గా మధ్య గీత (జాకెట్టు మూసినప్పుడు రెండు భాగాలూ కలిసే నిలువు గీత) దగ్గర కత్తిరించకూడదు. కుట్టు కోసం గీతకు అవతల ఒక్కో వైపు ¼ అంగుళం వదలాలి. ఇది మరిచిపోతే మొత్తం మీద ½ అంగుళం తగ్గి, ఆ భారమంతా హుక్కుల మీద పడుతుంది.

హుక్కు పట్టీ (కుడి భాగం): తెరుచుకునే భాగం పొడవుకు 1 అంగుళం కలిపి, 1¾ అంగుళాల వెడల్పుతో పీలిక తీసుకోండి. దాన్ని కుడి అంచుకు బొమ్మ వైపు కలిపి ¼ అంగుళం వదిలి కుట్టి, పూర్తిగా లోపలికి తిప్పండి. రెండో అంచును ¼ అంగుళం మడిచి హెమ్మింగు చేస్తే లోపల 1¼ అంగుళాల పట్టీ మిగులుతుంది. తిప్పే ముందు లోపల 1 అంగుళం వెడల్పు కాన్వాసు ముక్కను చేర్చండి. ఇప్పుడు కుడి భాగం అంచు సరిగ్గా మధ్య గీత మీద ఉంటుంది.

కాజా పట్టీ (ఎడమ భాగం): 2½ అంగుళాల వెడల్పు పీలిక తీసుకుని, రెండు అంచులూ ¼ అంగుళం చొప్పున కుట్టులోకి పోగా మిగిలిన 2 అంగుళాలను సగానికి మడిస్తే, మధ్య గీత నుంచి బయటికి 1 అంగుళం పట్టీ పొడుచుకు వస్తుంది. దీనిలోనూ కాన్వాసు ఉండాలి. ఈ పట్టీ బయటి వైపు జాకెట్టు గుడ్డదే అయి ఉంటే, ఎప్పుడైనా సందు కనిపించినా లైనింగు బయటపడదు.

కాజా పట్టీ 1 అంగుళానికి ఎందుకు తగ్గకూడదో చెప్పాలి. హుక్కులు కుడి భాగం లోపలి వైపున ఉంటాయి కాబట్టి వాటికీ చర్మానికీ మధ్య అడ్డుగా ఉండేది ఈ పట్టీ ఒక్కటే. గుడ్డ మిగల్చడం కోసం పట్టీని ½ అంగుళానికి కుదిస్తే హుక్కు రింగులు నేరుగా ఒంటికి తగులుతాయి. నికెల్ పూత పడని చర్మం ఉన్నవారికి అక్కడ దురద, ఎర్రని మచ్చలు వస్తాయి.

ఒళ్లు తగ్గినా పెరిగినా పనికిరావాలని రెండు వరుసల కాజాలు కోరుకునేవారు పీలికను 3½ అంగుళాలు తీసుకోవాలి, అప్పుడు పట్టీ 1½ అంగుళాలు వస్తుంది. ఆది జాకెట్టు పంపి హైదరాబాదులోనో విజయవాడలోనో కుట్టించుకుని పార్సిలులో తెప్పించుకునే విదేశాల్లోని వారికి ఇది తప్పనిసరి అని నేను అనుకుంటాను, ఎందుకంటే వారికి తొడిగి చూసి సరిచేయించుకునే అవకాశం ఉండదు.

పట్టీలు పూర్తయ్యాక సరిచూసుకోవలసినవి:

- రెండు ముందు అంచులనూ పక్కపక్కన పెడితే పొడవు సమానంగా ఉందా
- మెడ చివర, నడుము చివర మూలలు చదునుగా ఉన్నాయా
- డాట్లు (ఛాతీ ఆకారం కోసం గుడ్డను మడిచి వేసే మొనదేలిన కుట్లు) రెండు వైపులా ఒకే ఎత్తులో ఉన్నాయా
- బెల్టు జాకెట్టు (ఛాతీ కింద విడి పట్టీ అతికినది) అయితే బెల్టు అతుకు రెండు వైపులా ఒకే గీతలో వస్తోందా

వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఇక్కడే విప్పి సరిచేయాలి. హుక్కులు కుట్టాక ఈ తేడా సరిదిద్దడం చాలా కష్టం.

6. గుర్తులు పెట్టడం

ఈ పనికి ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. తెరుచుకునే భాగం పొడవును హుక్కుల సంఖ్యతో భాగించి సమాన దూరాల్లో చుక్కలు పెట్టడం అందరూ చేసే పద్ధతి. అది చూడటానికి క్రమంగానే ఉంటుంది కానీ, శరీరం లాగే బలం అన్ని చోట్లా సమానంగా ఉండదు. ఛాతీ అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట లాగుడు ఎక్కువ, మెడ దగ్గర తక్కువ. ఆ ఎత్తైన గీత రెండు హుక్కుల నడుమ పడిందంటే అక్కడ జాకెట్టు తప్పకుండా విచ్చుకుంటుంది.

కాబట్టి మూడు హుక్కులకు ముందుగా చోటు ఖాయం చేయాలి. ఒకటి మెడ అంచుకు ¼ అంగుళం కింద, ఒకటి నడుము అంచుకు ¼ అంగుళం పైన, ఒకటి సరిగ్గా ఛాతీ గీత మీద. డాట్ పాయింటు (డాట్ మొన) నుంచి ముందు అంచు వైపు అడ్డంగా స్కేలు పెట్టి గీత గీస్తే ఛాతీ గీత దొరుకుతుంది. ఇంకా నమ్మకంగా కావాలంటే జాకెట్టును తొడిగించి, మధ్య గీతను గుండు సూదులతో మూసి, ఎత్తైన చోట గుర్తు పెట్టండి.

ఉదాహరణకు తెరుచుకునే భాగం పొడవు 7½ అంగుళాలు, ఛాతీ గీత మెడ అంచుకు 3¼ అంగుళాల కింద ఉందనుకుందాం. పై హుక్కు ¼ దగ్గర, ఛాతీ హుక్కు 3¼ దగ్గర, కింది హుక్కు 7¼ దగ్గర పడతాయి. పై రెండింటి మధ్య దూరం 3 అంగుళాలు. అక్కడ ఒక హుక్కు పెడితే ఎడం 1½ అంగుళాలు, రెండు పెడితే 1 అంగుళం. ఛాతీ నుంచి కిందికి 4 అంగుళాలు ఉంది, అక్కడ రెండు హుక్కులు పెడితే ఎడం సుమారు 1⅓ అంగుళాలు. ఛాతీ నిండుగా ఉన్నవారికి పైన రెండు పెట్టి మొత్తం 7 హుక్కులు వేయడం, మిగిలినవారికి 6తో సరిపెట్టడం మంచిది. ఏ పరిస్థితిలోనూ ఎడం 1½ అంగుళాలు దాటనీయకండి.

బెల్టు జాకెట్టులో అతుకు మందంగా ఉన్న చోట హుక్కు పడకుండా, అతుకుకు కొద్దిగా పైనో కిందో పడేలా జరపాలి. లేకపోతే సూది దిగదు, హుక్కూ చదునుగా కూర్చోదు.

ఇక అడ్డం కొలత. హుక్కు వంపు కుడి అంచుకు 3 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. అంతకంటే అంచుకు దగ్గరైతే లోహం బయటికి మెరుస్తుంది, మరీ లోపలికి పోతే కుడి అంచు పెదవిలా పైకి లేస్తుంది. కుడి అంచు మూసినప్పుడు ఎడమ భాగం పట్టీ అతుకు మీదికి, అంటే మధ్య గీత మీదికి రావాలి. అలా రావాలంటే హుక్కు అంచుకు ఎంత లోపల ఉందో కాజా కూడా ఆ అతుకుకు పట్టీ వైపు అంతే దూరంలో ఉండాలి. హుక్కు 3 మిల్లీమీటర్లు లోపల ఉంటే కాజా గీత అతుకు నుంచి 3 మిల్లీమీటర్లు పట్టీ మీదికి. ఈ ఒక్క లెక్క తప్పకుండా పాటిస్తే ముందు భాగం సగం సమస్యలు తలెత్తవు.

కాజాల నిలువు గుర్తులను మాత్రం ఇప్పుడే స్కేలుతో పెట్టకండి. కుట్టిన హుక్కుల నుంచే వాటిని తీసుకోవాలి, అది ఎలాగో 8వ మెట్టులో ఉంది.

జరీ ఎక్కువగా ఉన్న గుడ్డ మీద, లేతరంగు పట్టు మీద సుద్ద బదులు వేరే రంగు దారంతో ఒక్కొక్క కచ్చా కుట్టు వేసి గుర్తు పెట్టుకోవడం క్షేమం. మైనం కలిసిన సుద్ద గీతపై వేడి ఇస్త్రీ పెట్టె తగిలితే పట్టు మీద నూనె మరకలాగా నిలిచిపోతుంది.

7. హుక్కు కుట్టడం

దారాన్ని సుమారు 18 అంగుళాలకు మించకుండా తీసుకుని, రెండు పేటలుగా చేసి, తేనెమైనం మీద ఒకసారి లాగి, వేళ్లతో నిమరండి. పొడవాటి దారం త్వరగా పని అవుతుందన్న ఆశ కలిగిస్తుంది కానీ, మెలిపడి ముడులు పడుతుంది.

వరుస ఇది:

(అ) హుక్కును కుడి పట్టీ మీద, వంపు అంచు వైపు, ముక్కు పైకి కనిపించేలా గుర్తు మీద పెట్టి ఎడమ బొటనవేలితో నొక్కి పట్టుకోండి.

(ఆ) ముడి రింగు కిందకు వచ్చేలా సూదిని పట్టీలోంచి తీసి, రింగు చుట్టూ కాజా కుట్టుతో (ప్రతిసారీ దారం ఉచ్చులోంచి సూదిని తీసి బిగించే కుట్టు) 5 లేదా 6 సార్లు కుట్టండి. ప్రతి కుట్టులో పట్టీ, కాన్వాసు, లైనింగు పడాలి, పై గుడ్డ పడకూడదు. కింద ఎడమచేతి చూపుడువేలు ఉంచితే సూది మొన పై గుడ్డలోకి దిగిందో లేదో వేలికి తెలుస్తుంది.

(ఇ) దారం తెంచకుండా రెండో రింగుకు వెళ్లి అదే విధంగా కుట్టండి.

(ఈ) సూదిని పొరల మధ్య నుంచే ముందుకు జార్చి, వంపుకు కాస్త వెనక, ముక్కు కింద ఉన్న తీగల మీదుగా అడ్డంగా 3 గట్టి కుట్లు వేయండి. ఈ కుట్లు లేని హుక్కు రింగుల దగ్గర మాత్రమే పట్టుకుని ఉండి, లాగినప్పుడల్లా తలెత్తుతుంది. సమయం లేదని చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

(ఉ) వెనక్కి వచ్చి రింగు పక్కన రెండు చిన్న కుట్లు ఒకదానిపై ఒకటి వేసి, దారాన్ని పొరల్లో అర అంగుళం జార్చి కత్తిరించండి.

ఒక్కో హుక్కుకు విడిగా ముడి వేసి దారం తెంచాలి. ఒకే దారంతో హుక్కు నుంచి హుక్కుకు సాగిపోతే, ఒకటి తెగిన రోజున దాని పక్కవీ వదులవుతాయి.

8. కాజా గుర్తు, కాజా అల్లిక

హుక్కులన్నీ కుట్టాక జాకెట్టును బల్ల మీద పరచండి. మెడ చివరలను, నడుము చివరలను ఖచ్చితంగా కలిపి, కుడి అంచును ఎడమ అతుకు మీద ఆనించి గుండు సూదులు పెట్టండి. అంచును కొద్దిగా ఎత్తి, హుక్కు వంపుకు సుద్ద పొడి రాసి, పట్టీ మీద అద్దండి. ప్రతి హుక్కూ తన కాజా చోటును తానే గుర్తు పెడుతుంది. ఆ అద్దులు అతుకుకు 3 మిల్లీమీటర్ల దూరంలో ఒకే నిలువు గీతలో పడ్డాయో లేదో స్కేలుతో సరిచూడండి. ఏదైనా పక్కకు పోతే ఆ హుక్కు వంకరగా ఉన్నట్టు లెక్క.

ఒక్కో అద్దుకు పైన 3, కింద 3 మిల్లీమీటర్లు కొలిచి రెండు చుక్కలు పెట్టండి. కాజా పొడవు 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. పొడవు ఎక్కువైన కొద్దీ కాజాలో హుక్కు పైకీ కిందకీ కదులుతుంది, అంచులు ఎగుడుదిగుడు అవుతాయి.

(అ) రెండు పేటల దారంతో పై చుక్క దగ్గర సూదిని పైకి తీసి, కింది చుక్క దగ్గర దించండి. ఇలా మూడుసార్లు తిరిగితే ఆరు పేటల దారపు వంతెన ఏర్పడుతుంది. కాజా పట్టీ లోపలికి ఉండే భాగం కాబట్టి ఇక్కడ పట్టీ పొరలన్నిట్లోకీ సూది దిగవచ్చు.

(ఆ) పేటలు వేసేటప్పుడు వాటి కింద లావు సూదిని ఉంచి, ఆ తరువాత దాన్ని తీసేయండి. హుక్కు ముక్కు దూరడానికి కావలసినంత సందు మాత్రమే మిగులుతుంది. మూడు తిప్పులూ సమాన బిగువుతో ఉండాలి, ఒకటి బిగుతుగా రెండు వదులుగా ఉంటే భారమంతా ఆ ఒక్కదానిపై పడి ముందు అదే తెగుతుంది.

(ఇ) ఇప్పుడు వంతెన మీద కాజా కుట్టు అల్లాలి. సూదిని మొనతో కాకుండా కన్ను ఉన్న వైపుతో వంతెన కిందకు తోయండి. మొనతో తోస్తే అది పేటల మధ్యలోకి దిగి దారాన్ని చీలుస్తుంది. దారం ఉచ్చులోంచి సూదిని పైకి తీసి, ముడి ఎప్పుడూ ఒకే వైపు, మధ్య గీత వైపు పడేలా బిగించండి.

(ఈ) కుట్లు ఒకదానికొకటి ఆనుకుని, పేటలు ఎక్కడా కనిపించకుండా నిండాలి. కింది చుక్క చేరాక గోటితో కుట్లను పైకి దగ్గరగా నెట్టి చూడండి, చోటు మిగిలితే మరో రెండు కుట్లు పడతాయి. తెగిన కాజాల్లో ఎక్కువ భాగం ఇలా నిండుగా అల్లనివే.

(ఉ) సూదిని వెనక్కి దించి, చుక్కకు కాస్త పక్కన రెండు చిన్న కుట్లతో ముగించండి. ఈ వైపు చర్మానికి తగులుతుంది కాబట్టి పెద్ద ముడి వేయకండి.

మొదట పై కాజా, తరువాత కింది కాజా, ఆ పైన ఛాతీ కాజా అల్లి, మూడు హుక్కులూ పెట్టి చూసుకున్నాకే మిగిలినవి అల్లండి. మెడ నుంచి వరుసగా కిందికి వస్తే, ప్రతి కాజా దగ్గర రవ్వంత తేడా పోగై, నడుము దగ్గర అంచులు కలవకుండా పోతాయి.

రెండో వరుస కావాలంటే మొదటి వరుసకు ½ అంగుళం దూరంగా, పట్టీ బయటి అంచు వైపు అల్లాలి. అటు జరిగితే జాకెట్టు ½ అంగుళం వదులవుతుంది.

9. తొడిగి పరీక్షించడం

హుక్కులు పెట్టేటప్పుడు కింది నుంచి పైకి పెట్టండి, లాగుడు క్రమంగా పంచుకుంటుంది. పెట్టాక ఈ కదలికలు చేసి చూడండి:

- రెండు చేతులూ పూర్తిగా పైకి ఎత్తడం
- కుర్చీలో కూర్చుని ముందుకు వంగడం
- గట్టిగా ఊపిరి పీల్చి విడవడం
- చీర కొంగు భుజం మీద వేసుకున్నట్టుగా ఎడమ చేయి వెనక్కి తిప్పడం

ఊపిరి పీల్చినప్పుడు రెండు హుక్కుల మధ్య సందు కనిపించినా, విడిచినప్పుడు ఏ హుక్కైనా ఊడినా సవరణ అవసరం.

10. తరచుగా వచ్చే తప్పులు, వాటికి సవరణలు

ఛాతీ దగ్గర విచ్చుకోవడం: మొదట పక్క కుట్టు ఒక్కో వైపు ¼ అంగుళం విప్పి చూడండి. సందు పోతే తప్పు హుక్కులది కాదు, కొలతది. పోకపోతే ఛాతీ గీత మీద హుక్కు లేదన్నమాట. ఉన్నవాటిని కదపకుండా ఆ గీత మీద ఒక హుక్కు అదనంగా కుట్టండి.

మెడ దగ్గర అంచులు ఎగుడుదిగుడుగా రావడం: హుక్కును కదపకండి, కాజాను విప్పి సరైన ఎత్తులో మళ్లీ అల్లండి. హుక్కు విప్పితే పట్టీలో చిల్లులు మిగిలి ఆ చోటు బలహీనపడుతుంది.

హుక్కు దానంతటదే ఊడడం: జాకెట్టు అక్కడ వదులుగా ఉండడమో, కాజా సాగి ఉండడమో కారణం. ముక్కు పైకి లేచి ఉంటే చిన్న పట్టకారుతో మెల్లగా నొక్కండి. మెడ దగ్గరి హుక్కు ఊడుతూ ఉంటే దాని పక్కన ఒక టిచ్ బటన్ కుట్టండి.

పై గుడ్డ మీద కుట్లు కనిపించడం: సూది ఒక పొర ఎక్కువ దిగింది. పట్టు మీద అలా పడిన కుట్టును లాగకుండా కత్తెరతో తెంచి, పోగుపోగుగా తీయాలి.

హుక్కు దగ్గర గుడ్డ చిరగడం: లోపల కాన్వాసు లేదు. పట్టీ హెమ్మింగు విప్పి, కాన్వాసు ముక్కనూ, చిరిగిన చోట లైనింగు గుడ్డ ముక్కనూ చేర్చి, హుక్కును పాత చోటికి 2 మిల్లీమీటర్లు పైనో కిందో కుట్టి, కాజాను కూడా దాని ప్రకారం జరపండి.

తుప్పు మరక: నూలు గుడ్డ మీద నిమ్మరసం రాసి ఎండలో పెట్టడం చాలామందికి తెలిసిన ఉపాయమే. పట్టు మీద అది చేయకండి, మరకతో పాటు రంగు కూడా పోవచ్చు. హుక్కులన్నీ తీసేసి డ్రైక్లీనింగుకు ఇచ్చి, తిరిగి వచ్చాక ఇత్తడివి కుట్టండి.

11. వేరే వస్త్రాలకు ఈ పద్ధతిలో చేయవలసిన మార్పులు

వెనుక తెరుచుకునే జాకెట్టుకు లెక్కలన్నీ ఇవే. అయితే తొడుక్కునేవారికి హుక్కులు కనిపించవు కాబట్టి కాజాను 1 మిల్లీమీటరు పొడవుగా అల్లండి. ఛాతీ గీతకు బదులు భుజపు ఎముకల కింది భాగం దగ్గర లాగుడు ఎక్కువగా ఉంటుంది, అక్కడ ఒక హుక్కు ఖాయం చేయండి.

లంగా, లెహంగా నడుముకు తీగ హుక్కు చాలదు. ప్యాంట్లకు వాడే బల్లపరుపు హుక్కు, దానికి తగ్గ లోహపు పట్టీ వాడాలి. జిప్పు ఉన్న డ్రెస్సుకు జిప్పు పై చివర ఒకే ఒక హుక్కు కుడితే, లాగుడు జిప్పు తాళం మీద పడకుండా ఆ హుక్కు మోస్తుంది.

12. ఉతికేటప్పుడు, ఇస్త్రీ చేసేటప్పుడు

ఉతకడానికి ముందు హుక్కులన్నీ కాజాలకు పెట్టేయాలి. తెరిచి ఉన్న హుక్కు ముక్కు పక్కనున్న చీర జరీని, నెట్‌ను పట్టి పోగు లాగుతుంది. యంత్రంలో వేసేటట్టయితే జాకెట్టును లోపలి వైపు బయటికి తిప్పి, సంచిలో వేయండి.

ఇస్త్రీకి మాత్రం హుక్కులు విప్పాలి. పట్టీని మందమైన తువాలు మీద హుక్కులు కిందికి ఉండేలా పరిచి, బొమ్మ వైపు నుంచి పలుచని గుడ్డ అడ్డం వేసి చేయండి. హుక్కు మీద నేరుగా పెట్టె నొక్కితే ముక్కు అణిగిపోయి కాజా దూరదు, పై గుడ్డ మీద హుక్కు ఆకారం అచ్చుపడుతుంది. ఇస్త్రీ అయ్యాక పట్టీ చల్లారేవరకు ఆగి, ఆ తరువాతే హుక్కులు పెట్టి మడతపెట్టండి.